మీటరు చెప్పే లెక్క

1902వ సంవత్సరంలో కావేరి నది మీద శివసముద్రం వద్ద ఒక జల విద్యుత్కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. దానిని నిర్మించింది మైసూరు సంస్థానం. అక్కడ పుట్టిన విద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్ల పొడవున తీగల వెంట ప్రయాణించి కోలారు బంగారు గనులను చేరింది. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే కార్మికులు పనిచేసే ఆ గనుల్లో యంత్రాలు ఆ శక్తితో తిరిగాయి. అంత దూరం కరెంటును పంపడం ఆ రోజుల్లో ఒక సాహసమే. మూడేళ్ల తరువాత, 1905లో, బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. సామాన్యుల ఇళ్లలోకి కరెంటు రావడానికి మాత్రం మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ గనులు 2001లో మూతపడ్డాయి. విద్యుత్తు మాత్రం ఊరూరా, ఇంటింటా పాకింది. రోలు, రుబ్బురోలు చేసే పనిని మిక్సీ, గ్రైండరు చేస్తున్నాయి. చేద బావి పనిని మోటారు చేస్తోంది. కట్టెల పొయ్యి మీది నీళ్ల అండా స్థానంలో చాలా ఇళ్లలో గీజరు వచ్చింది. శ్రమ తగ్గింది. దానితోపాటే నెల నెలా, కొన్ని రాష్ట్రాల్లో రెండు నెలలకు ఒకసారి, కరెంటు బిల్లు కూడా ఇంటికి రావడం మొదలయింది.

బిల్లు ఎక్కువగా వచ్చిన రోజు చాలా ఇళ్లలో ఒకే రకమైన మాటలు వినిపిస్తాయి. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలను “ఎంతసేపు ఆ లైటు?” అని మందలిస్తారు. మంచం మీద ఉన్న అవ్వను “కొంచెంసేపు ఫ్యాను ఆపుకోరాదా?” అంటారు. పిల్లలు దీపం ఆర్పేస్తారు. అవ్వ విసనకర్ర అందుకుంటుంది. అయినా మరుసటి నెల బిల్లు పెద్దగా తగ్గదు. ఎందుకు తగ్గలేదో ఎవరికీ అర్థం కాదు. కారణం ఒక్కటే. కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో లెక్క చూడకుండా, కంటికి కనిపించిన చోట పొదుపు చేయబోయారు.

ఈ లెక్క కష్టమైనది కాదు. గుణకారం, భాగాహారం వచ్చినవారెవరైనా చేయవచ్చు. ప్రతి విద్యుత్ పరికరం మీద అది ఎన్ని వాట్లదో ముద్రించి ఉంటుంది. వాట్లు అంటే ఆ పరికరం కరెంటును ఎంత వేగంగా వాడుకుంటుందో చెప్పే కొలత. 1000 వాట్ల పరికరం ఒక గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. అంటే ఒక పరికరం వాట్లను అది పనిచేసిన గంటలతో గుణించి, వచ్చినదానిని 1000తో భాగిస్తే యూనిట్లు తెలుస్తాయి. కుళాయి నుంచి పడే నీటితో దీనిని పోల్చవచ్చు. ధార ఎంత లావుగా ఉందో వాట్లు చెబుతాయి. బిందెలో ఎంత నీరు చేరిందో యూనిట్లు చెబుతాయి. సన్నని ధార అయినా రాత్రంతా పడితే బిందె నిండుతుంది. లావు ధార అయితే క్షణాల్లో నిండుతుంది.

కాబట్టి బిల్లు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి పరికరం బలం, రెండు అది పనిచేసే కాలం. ఎక్కువ వాట్లు గలవి కొద్దిసేపు పనిచేసినా ఖర్చు పెరుగుతుంది. తక్కువ వాట్లు గలవి రాత్రింబవళ్లు పనిచేసినా ఖర్చు పెరుగుతుంది. సాధారణంగా వేడి పుట్టించే పరికరాలన్నీ మొదటి జాతికి చెందినవి. గీజరు, ఇస్త్రీ పెట్టె, కరెంటు పొయ్యి ఇటువంటివి. ఫ్యాను, ఫ్రిజ్జు రెండవ జాతికి చెందినవి.

ఈ తేడాను కంటితోనే చూడవచ్చు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదనే ముద్రించి ఉంటుంది. ఒక మీటరు మీద ఆ సంఖ్య 1600 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక్కటే వేస్తే, ఆ ఎర్ర దీపం సుమారు నాలుగు నిమిషాలకు ఒకసారి మిణుకుతుంది. బల్బు ఆపి 2000 వాట్ల గీజరు వేస్తే, అదే దీపం ఒక నిమిషంలో 53 సార్లు మిణుకుతుంది. ఈ రెండింటినీ ఒకసారి చూసినవారు చదువుకునే పిల్లల దీపాన్ని ఇక ఆర్పించరు.

ఇప్పుడు ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇంట్లో అవ్వ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఉన్నారు. చలిగాలి తగ్గని ఊరు కాబట్టి అయిదుగురూ వేడినీళ్లతో స్నానం చేస్తారు. గీజరు రోజుకు గంటంపావు సేపు నీటిని కాచుతుందనుకుంటే రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు అవుతాయి. పాతరకపు ఫ్యాన్లు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటి 75 వాట్లది. రోజుకు పది గంటల చొప్పున తిరిగితే నెలకు 67 యూనిట్లు దాటుతాయి. పాత ఫ్రిజ్జు రోజుకు ఒకటిన్నర యూనిట్ల చొప్పున 45 యూనిట్లు వాడుతుంది. నీళ్ల మోటారుకు 15 యూనిట్లు అవుతాయి. టీవీకి ఏడున్నర, రోజూ కొద్దిసేపు వాడే ఇస్త్రీ పెట్టెకు ఏడున్నర. మిక్సీ, గ్రైండరు కలిసి 5. నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు రోజుకు అయిదు గంటల చొప్పున వెలిగితే నెలకు అయిదున్నర యూనిట్లు కూడా కావు. టీవీకి తగిలించిన సెట్‌టాప్ పెట్టె 10 వాట్లది. రిమోటుతో ఆపినా అటువంటి పెట్టెలు చాలావరకు కరెంటును వాడుకుంటూనే ఉంటాయి. ఇరవై నాలుగు గంటలూ అలా ఉంటే నెలకు ఏడు యూనిట్లు. అన్నీ కలిపితే సుమారు 235 యూనిట్లు.

ఈ పట్టికను నిదానంగా పరిశీలిస్తే కొన్ని విషయాలు బయటపడతాయి. గీజరు ఒక్కటే మొత్తంలో మూడింట ఒక వంతుకు దగ్గరగా వాడుతోంది. గీజరు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు కలిసి నూటికి ఎనభై వంతులు వాడుతున్నాయి. పిల్లవాడు రోజూ మూడు గంటలు చదువుకోవడానికి వేసుకునే బల్బు ఖర్చు నెలకు ఒక యూనిట్ కంటె తక్కువ. ఎవరూ చూడని సెట్‌టాప్ పెట్టె, నాలుగు బల్బులూ కలిసి వాడేదానికంటె ఎక్కువ వాడుతోంది. ఆ పిల్లవాడి దీపం నెలంతా ఆర్పించినా కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే అవుతుంది. పైగా కళ్లూ చదువూ పాడవుతాయి.

అందువల్ల పొదుపు ఎక్కువ ఖర్చయ్యే చోట మొదలుపెట్టాలి. ముందుగా నీళ్ల సంగతి చూద్దాం. నీటిని వేడి చేయడానికి చాలా శక్తి కావాలి. ఇరవై లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 0.4 యూనిట్ ఖర్చవుతుంది. అంత కరెంటుతో 9 వాట్ల బల్బు 44 గంటలు వెలుగుతుంది. నీళ్లు గోరువెచ్చగా, 38 డిగ్రీల వరకు చాలనుకుంటే 0.3 యూనిట్ సరిపోతుంది. గీజరును ఆపకుండా వదిలేస్తే తొట్టిలోని నీరు చల్లారుతూ, మళ్లీ కాగుతూ వృథా పెరుగుతుంది. స్నానానికి కొద్దిగా ముందు వేసి, ఇంటివారంతా ఒకరి తరువాత ఒకరు స్నానాలు ముగించి, వెంటనే ఆపితే ఆ వృథా తగ్గుతుంది. ఉదాహరణలోని ఇంట్లో ఇలా చేస్తే 75 యూనిట్లు 50కి దిగుతాయి. ఎండ బాగా కాసే చోట మిద్దె మీద సౌర హీటరు పెట్టుకున్నవారికి చాలా రోజులు ఈ ఖర్చే ఉండదు.

తరువాతిది ఫ్యాను. పాతరకపు సీలింగు ఫ్యాను 75 వాట్లు వాడితే, బి.ఎల్.డి.సి. అనే కొత్తరకం మోటారు గల ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. కొత్త మోటారులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. అందువల్ల ఆ భాగంలో అయస్కాంత శక్తిని పుట్టించడానికి వేరుగా కరెంటు ఖర్చు కాదు. ఒక్కొక్క ఫ్యానుకు నెలకు పదమూడున్నర యూనిట్లు మిగులుతాయి. రెండు ఫ్యాన్లు మారిస్తే 27 యూనిట్లు. ఎక్కువ గంటలు తిరిగే ఫ్యానునే ముందుగా మార్చాలి. చాలా ఇళ్లలో అది అవ్వ గదిలోని ఫ్యానే. ఆమె ఫ్యాను ఆపడం కంటె ఆమె ఫ్యాను మార్చడం మేలైన పొదుపు. అవ్వకు గాలీ ఉంటుంది, ఇంటికి ఆదా ఉంటుంది.

ఫ్యాను రెగ్యులేటరు విషయంలో కూడా ఒక తేడా ఉంది. గోడకు బిగించిన పాతకాలపు పెద్ద పెట్టె ఫ్యాను వేగాన్ని తగ్గిస్తుంది గాని, మిగిలిన కరెంటులో చాలా భాగాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. అందుకే దానిని ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఈ వృథా చాలా తక్కువ.

ఫ్రిజ్జు చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని బయటికి తోడి పోస్తుంది. బావిలోని నీటిని తోడినట్లే ఇదీ. తోడిన వేడి వెనుకవైపు లేదా పక్కల నుంచి గాలిలో కలవాలి. ఫ్రిజ్జును గోడకు ఆనించి పెడితే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. కాబట్టి గోడకు, ఫ్రిజ్జుకు నడుమ జానెడు ఎడం ఉండాలి. పొయ్యి పక్కన, ఎండ పడే చోట పెట్టకూడదు. పొగలు కక్కే సాంబారును చల్లారకముందే లోపల పెడితే ఆ వేడిని కూడా అదే తోడాలి. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ వదులైతే లోపలికి వేడి గాలి చేరుతూనే ఉంటుంది. తలుపు సందులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగితే, అది సులువుగా ఊడివస్తే పట్టీ మార్చవలసి ఉందని తెలుస్తుంది.

ఇక చిన్నవి. ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికే కొంత కరెంటు తీసుకుంటుంది. రోజుకొక చొక్కా చొప్పున ఏడుసార్లు వేడి చేయడం కంటె వారానికి ఒకసారి బట్టలన్నీ ఇస్త్రీ చేయడం మంచిది. చివరి ఒకటి రెండు పలుచని బట్టలను స్విచ్చి ఆపిన తరువాత మిగిలిన వేడితోనే చేయవచ్చు. కారే కుళాయిని బాగు చేయిస్తే నీరే కాక, ఆ నీటిని మిద్దె మీది తొట్టికి ఎక్కించిన కరెంటు కూడా మిగులుతుంది. టీవీని, సెట్‌టాప్ పెట్టెను రిమోటుతో కాకుండా గోడ మీది స్విచ్చితో ఆపాలి.

ఇలా ఆ ఇంట్లో గీజరు దగ్గర 25, రెండు ఫ్యాన్ల దగ్గర 27, సెట్‌టాప్ పెట్టె దగ్గర 5, ఇస్త్రీ దగ్గర 3, మోటారు దగ్గర 3 యూనిట్లు మిగిలాయనుకుందాం. మొత్తం 63. నెల ఖర్చు 235 నుంచి 172 యూనిట్లకు దిగింది. ఎవరూ చీకట్లో కూర్చోలేదు. ఎవరికీ ఉక్కపోయలేదు.

ఇందువల్ల డబ్బు ఎంత మిగిలింది? ఇక్కడ ఇంకొక లెక్క తెలియాలి. కరెంటు ధర సాధారణంగా అన్ని యూనిట్లకూ ఒకటిగా ఉండదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఈ మెట్లనే శ్లాబులంటారు. తక్కువ వాడే పేద కుటుంబాలకు భారం తగ్గాలని, ఎక్కువ వాడేవారు ఎక్కువ చెల్లించాలని ఈ ఏర్పాటు చేశారు. లెక్క సులువుగా ఉండడం కోసం మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయలు, తరువాతి 100కు 5 రూపాయలు, ఆపైన 8 రూపాయలు అనుకుందాం. 235 యూనిట్లకు 300, 500, 280 కలిసి 1080 రూపాయలు అవుతాయి. 172 యూనిట్లకు 300, 360 కలిసి 660 రూపాయలు అవుతాయి. వాడకం నూటికి 27 వంతులు తగ్గితే ధర నూటికి 39 వంతులు తగ్గింది. మిగిలిన యూనిట్లలో ముందుగా పోయేవి అన్నిటికంటె పై మెట్టు మీద ఉన్నవే కాబట్టి ఇలా జరుగుతుంది. అదేవిధంగా వాడకం పెరిగినప్పుడు బిల్లు అంతకంటె వేగంగా పెరుగుతుంది.

ఈ మెట్లు ప్రతి రాష్ట్రంలో వేరు వేరుగా ఉంటాయి. ధరలు కూడా అప్పుడప్పుడు మారుతుంటాయి. తమిళనాడులో ఇళ్ల మీటర్లను రెండు నెలలకు ఒకసారి చూసే పద్ధతి ఉంది. 2016లో అక్కడ రెండు నెలలకు 100 యూనిట్ల వరకు ఉచితమని ప్రకటించారు. కర్ణాటకలో 2023లో ప్రారంభించిన గృహజ్యోతి పథకానికి నెలకు 200 యూనిట్లను ఎల్లగా పెట్టారు. ఆ ఎల్ల దాటితే ఆ నెల బిల్లంతా చెల్లించవలసి ఉంటుందని నియమం చేశారు. ఇటువంటి చోట్ల ఎల్లకు అటూ ఇటూ ఉన్న పది యూనిట్లు కూడా ఒక కుటుంబానికి ఎంతో విలువైనవి. కాబట్టి తమ రాష్ట్రంలో మెట్లు ఏవో, తాము ఏ మెట్టు మీద ఉన్నామో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. ఆ వివరాలు బిల్లు మీదనే ఉంటాయి. బిల్లు తెలుగులో ఉండకపోవచ్చు. ఆ రాష్ట్ర భాషను బడిలో నేర్చుకుంటున్న పిల్లలు దానిని చదివి, ఇంట్లోని పెద్దలకు తెలుగులో విప్పి చెప్పగలరు.

ఊరిని బట్టి, కాలాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఒడిషాలోని కోరాపుట్ కొండల్లో చలికాలం గట్టిది. అక్కడ వేడినీళ్లకు అయ్యే ఖర్చు పెద్దది. గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో ఉక్క ఎక్కువ. అక్కడ ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతాయి. మహారాష్ట్రలోని షోలాపూరులో వేసవి ఎండలకు కూలర్లు లేనిదే గడవని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఏ.సి. ఉన్న ఇళ్లలో దాని ముందు మిగతావన్నీ చిన్నవే. ఏ.సి. మీద ఒక డిగ్రీ పెంచి పెట్టుకుంటే సుమారు నూటికి ఆరు వంతుల కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి మన దేశంలో తయారయ్యే గది ఏ.సి.లు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని నియమం పెట్టారు. 24 లేక 26 డిగ్రీల దగ్గర ఉంచి, దానితోపాటు ఫ్యాను వేసుకుంటే హాయిగానే ఉంటుంది.

కొత్త పరికరం కొనవలసి వచ్చినప్పుడు దాని ధరతో పాటు అది తినే కరెంటును కూడా చూడాలి. ఇందుకోసమే 2006లో నక్షత్రాల గుర్తును ప్రవేశపెట్టారు. సీలింగు ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి దానిని తప్పనిసరి చేశారు. ఒకే పరిమాణం గల పరికరాల్లో నక్షత్రాలు ఎక్కువ ఉన్నది తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. ఫ్రిజ్జు మీది చీటీపై అది ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతుందో కూడా ఉంటుంది. ఉదాహరణలోని పాత ఫ్రిజ్జు ఏడాదికి 540 యూనిట్లు వాడుతోంది. మంచి కొత్త ఫ్రిజ్జు అందులో సగం కూడా వాడదు. అయితే బాగున్న వస్తువును వెంటనే పారేయనక్కరలేదు. దాని ఆయువు తీరినప్పుడు ఈ లెక్క చూసి కొనాలి. 2700 రూపాయల కొత్త ఫ్యాను నెలకు 108 రూపాయలు మిగిలిస్తే 25 నెలల్లో దాని ధర తిరిగి వస్తుంది. ఆ తరువాత మిగిలేదంతా లాభమే. ఒకేసారి అంత డబ్బు పెట్టలేని కుటుంబం ఏడాదికి ఒక ఫ్యాను చొప్పున మార్చుకోవచ్చు.

దీపాల విషయంలో ఈ మార్పు ఇప్పటికే చాలా ఇళ్లలో వచ్చింది. ఒకప్పటి తీగ బల్బు తాను తీసుకున్న శక్తిలో పదో వంతును కూడా వెలుగుగా మార్చలేకపోయేది. మిగిలినదంతా వేడిగా పోయేది. 60 వాట్ల తీగ బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. తెల్లని వెలుగు నిచ్చే ఎల్.ఇ.డి. దీపాలకు దారి తీసిన నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్నందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు ప్రజలకు చేరాయి. దీపాలను మార్చినట్లే ఫ్యాన్లను, ఫ్రిజ్జులను మార్చుకోవడం మిగిలి ఉంది.

ఇంట్లో మిగిలిన యూనిట్ ఇంటికి మాత్రమే మేలు చేయదు. మన దేశంలో పుట్టే విద్యుత్తులో సగానికి మించి బొగ్గును మండించగా వచ్చేదే. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. ఉదాహరణలోని ఇల్లు మిగిల్చిన 63 యూనిట్ల వెనుక నెలకు దాదాపు 40 కిలోల బొగ్గు ఉంటుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతాల గనుల్లో, ఆ పట్టణాల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బొగ్గు పొగ, ధూళి అంటే ఏమిటో ఆ కుటుంబాల పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. తమిళనాడులోని నైవేలిలో నేలను లోతుగా తవ్వి లిగ్నైటును తీసి విద్యుత్తు పుట్టిస్తున్నారు. ఒడిషా, ఆంధ్ర రాష్ట్రాలు కలిసి మాచ్‌ఖండ్ నది మీద నిర్మించిన కేంద్రం 1955లో విద్యుత్తును ఇవ్వడం ప్రారంభించింది. ఆ ప్రాజెక్టు జలాశయం కింద ఊళ్లు, పొలాలు మునిగి ఎన్నో కుటుంబాలు వలస పోవలసి వచ్చింది. స్విచ్చి వేయగానే వచ్చే కరెంటు వెనుక ఒకరి నేల, ఒకరి చెమట, ఒకరి ఊపిరి ఉన్నాయి.

పొదుపు పేరుతో చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. మీటరును కదిలించడం, తీగలకు కొక్కేలు తగిలించడం నేరం. అంతకు మించి ప్రాణాపాయం. పగిలిన ప్లగ్గును, తొక్క ఊడిన తీగను డబ్బు మిగులుతుందని అలాగే వాడకూడదు. గీజరుకు, మోటారుకు, ఇస్త్రీ పెట్టెకు ఎర్తు తీగ తప్పక ఉండాలి. మెట్ల దగ్గర, స్నానాల గది దగ్గర వృద్ధులు నడిచే చోట దీపం ఆర్పకూడదు. ఒకరు కింద పడి కాలు విరిగితే అయ్యే ఖర్చు ముందు ఆ దీపం ఖర్చు లెక్కలోకి రాదు.

పొదుపు భారం ఇంట్లో ఒక్కరి మీదే పడకూడదు. మిక్సీ, గ్రైండరు కలిసి నెలకు అయిదు యూనిట్లు వాడితే అమ్మకు గంటల కొద్దీ శ్రమ తప్పుతోంది. అది దుబారా కాదు. అదే సమయంలో ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను, చల్లారుతూ మళ్లీ కాగే గీజరు ఎవరికీ సుఖం ఇవ్వడం లేదు. అవసరానికి, వృథాకు ఉన్న తేడా ఇదే. అవసరమైన చోట కరెంటు వాడడం తప్పు కాదు. ఎవరికీ ఉపయోగపడకుండా పోయేదానిని ఆపడమే పొదుపు.

పొదుపు చేయదలచిన కుటుంబానికి ఒక చిన్న నోటు పుస్తకం చాలు. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు మీటరులోని అంకెను రాసి, దానిలోంచి కిందటి వారపు అంకెను తీసివేస్తే ఆ వారం వాడకం తెలుస్తుంది. ఒక వారం గీజరు పద్ధతిని, మరొక వారం సెట్‌టాప్ పెట్టె పద్ధతిని మార్చి చూస్తే ఏ పని ఎంత మిగిల్చిందో అంకెల్లోనే కనబడుతుంది. రాత్రి అన్నీ ఆపిన తరువాత కూడా మీటరు దీపం మిణుకుతూ ఉంటే, ఎక్కడో ఏదో నడుస్తూనే ఉందని అర్థం. ఏమీ దొరకకపోతే పనివాడిని పిలిపించి తీగలను పరీక్ష చేయించాలి. ఈ పుస్తకం రాసే బాధ్యతను ఇంట్లోని పిల్లలు తీసుకోవచ్చు.

1902లో కోలారు గనులకు కరెంటు చేరినప్పుడు దానిని కొలిచి ఖర్చు పెట్టేవారు ఇంజనీర్లు. ఈనాడు ప్రతి ఇంటి గోడ మీదా ఒక మీటరు ఉంది. అది ఎవరినీ మందలించదు. ఎవరి పక్షమూ వహించదు. ఉన్న లెక్క ఉన్నట్లు చెబుతుంది. బిల్లు పెరిగిన రోజు ఒకరినొకరు నిందించుకోవడానికి ముందు ఆ ఇంటివారు మీటరు దగ్గరికి వెళ్లి దాని మాట వినాలి. అప్పుడు అవ్వ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పిల్లల దీపం వెలుగుతూనే ఉంటుంది, బిల్లు తగ్గుతుంది.